ఆటగాడు తన చదువుకు తానే వేసుకునే మార్కులు

(కోచ్‌లు, అధ్యాపకులు, తల్లిదండ్రులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న పని చేద్దాం. మీలో కోచ్‌లు ఎంతమంది? చేతులెత్తండి. సరే. పాఠాలు చెప్పేవాళ్ళు? బాగుంది, చాలామందే ఉన్నారు. తల్లిదండ్రులు? మీరు వెనక కూర్చున్నారేంటండీ, ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ నేను మాట్లాడేది ఆటలాడే పిల్లలు బాగా చదువుతారా, చదవరా అన్న విషయం కాదు. అది ఎప్పటినుంచో నడుస్తున్న గొడవ. ఒక కాలేజీలో లెక్కలు తీస్తే ఒక రకంగా తేలుతుంది, ఇంకో కాలేజీలో ఇంకో రకంగా తేలుతుంది. ఒకే కాలేజీలో కూడా ఒక్కో ఆటకి ఒక్కోలా ఉంటుంది. దాన్ని ఇవాళ ముట్టుకోను. నా ప్రశ్న వేరే. ఆటాడే విద్యార్థి తన చదువు ఎలా ఉందని తాను అనుకుంటున్నాడు? ఆ అనుకోవడం ఎక్కణ్ణుంచి వస్తోంది? మార్కుల్లోంచి వస్తోందా? మార్కుల్లోంచే వస్తే ఇక నేను మాట్లాడేదేమీ లేదు, అందరం టీ తాగి ఇళ్ళకు పోవచ్చు.

మార్కుల్లోంచి రావడం లేదు. అది చెప్పడానికే వచ్చాను. ఆటలాడే పిల్లల్లో చాలామంది తమ చదువు మీద వేసుకునే అంచనా చదువుని చూసి వేసుకున్నది కాదు. జట్టులో వాళ్ళు ఏమనుకుంటారు, టీచరు ఏ చూపు చూశారు, కోచ్ ఏమడిగారు, ఏమడగలేదు... వీటిని చూసి వేసుకున్నది. చదువు ఒకచోట ఉంటుంది, అంచనా ఇంకోచోట ఉంటుంది.

ఇద్దర్ని ఊహించుకోండి. ఒకమ్మాయి ఈత పోటీలకు వెళ్తుంది. ఒకబ్బాయి ఫుట్‌బాల్ ఆడతాడు. ఇద్దరిదీ ఒకే క్లాసు, ఒకే పరీక్ష, ఇద్దరికీ నూటికి 58 వచ్చాయి. అమ్మాయిని అడిగితే "నా చదువు పాడైపోయింది సార్" అంటుంది. అబ్బాయిని అడిగితే "బానే నడుస్తోంది సార్" అంటాడు. 58 మారలేదు కదా? మరి మారిందేమిటి? అమ్మాయి గదిలో ఉండే స్నేహితురాలికి 85 వచ్చాయి, ఆటల్లేవు, రోజంతా పుస్తకమే. ఈ అమ్మాయి రోజూ ఆమెతో పోల్చుకుంటోంది. అబ్బాయి పోల్చుకునేది మనిషితో కాదు, గీతతో. ఆడటానికి అర్హత పోకుండా ఉండాలంటే ఎన్ని మార్కులు కావాలి? ఆ గీత దాటాడు. దాటాడు కాబట్టి బానే నడుస్తోంది.

ఈ గీత గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. మనం ఇవాళ మాట్లాడుకునే పరిశోధనలో ఎక్కువ భాగం అక్కడి పిల్లల మీద జరిగిందే, అందుకే అక్కడి రూల్స్ చెప్తున్నాను. అక్కడ డివిజన్ 1 అని పై స్థాయి ఉంది. అందులో మొదటి ఏడాదే ఆడాలంటే హైస్కూల్లో ముఖ్యమైన సబ్జెక్టుల సగటు 4కి 2.3 ఉండాలి. ఆ తర్వాత రెండో ఏడాది ముగిసేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తవ్వాలి. రూల్ పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే. పిల్లల్ని ఆడించుకుని, డిగ్రీ లేకుండా వదిలేసే కాలేజీలకు పగ్గం వెయ్యాలని పెట్టారు. నేను తప్పుపట్టను. కానీ పిల్లవాడి మనసులో ఏం జరుగుతుందో చూడండి. కనీసం ఇంత ఉండాలి అని మనం చెప్పింది, ఇంత ఉంటే చాలు అని అతను వింటాడు. ఎందుకు వినడు? మనం అడిగేదే అది కదా!

కోచ్‌లు కోపం తెచ్చుకోవద్దు. ఒక సంభాషణ చెప్తాను, మీది కాదనుకుంటే నవ్వేసి వదిలేయండి. రిజల్ట్స్ వచ్చిన రోజు సాయంత్రం.

"ఏరా, పాసయ్యావా?"

"అయ్యాను సార్."

"సరే, పద, వార్మప్ మొదలెట్టు."

అంతే. చదువు గురించి మాటలు అయిపోయాయి. అదే కోచ్ పది నిమిషాల తర్వాత అదే పిల్లవాణ్ణి 400 మీటర్లు పరుగెత్తిస్తాడు. ఇప్పుడు "పరుగు పూర్తిచేశావా?" అని అడుగుతాడా? అడగడు. ఎంతలో చేశావు, మొదటి 200 ఎంతలో, రెండో 200 ఎంతలో, రెండో మలుపు దగ్గర ఎందుకు బిగుసుకుపోయావు, భుజాలు ఎందుకు పైకి లేచాయి? సెకనులో పదో వంతు దాకా అడుగుతాడు. పిల్లవాడికి ఏది ముఖ్యమో అర్థం కావడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ స్టాప్‌వాచ్ విషయమే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. ఆటలో తన స్థాయి ఏమిటో ఆటగాడికి తెలిసినంత కచ్చితంగా ఇంకెవరికీ తెలియదు. జావెలిన్ విసిరిన అమ్మాయికి అది చేతిలోంచి వదిలిన క్షణంలోనే తెలిసిపోతుంది, మంచి త్రోనా కాదా అని. టేపు పట్టి కొలిచేది మనకోసం. అంటే తన గురించి తాను సరిగ్గా అంచనా వేసుకోవడం ఈ పిల్లలకు చేతకాదా? చేతనవును, చాలా బాగా చేతనవును. రోజూ చేసే పనే అది. మరి క్లాసులో ఎందుకు చేతకావడం లేదు?

క్లాసులో ఏం జరుగుతుందో చూడండి. పరీక్ష రాస్తాడు. వారాలు గడుస్తాయి. ఒక అంకె వస్తుంది. అప్పటికి తానేం రాశాడో తనకే గుర్తుండదు. ఇంకో సంగతి, టీచర్లు ఇది గమనించారో లేదో నాకు తెలీదు. మీరు దిద్దిన పేపర్లు ఇచ్చే రోజు ఒకటి ఉంటుంది. ఒక్కొక్కర్నీ పిలిచి పేపరు చేతికిచ్చి, మూడో ప్రశ్నలో అందరూ ఇక్కడే పొరపాటు పడ్డారు, ఇలా చెయ్యాలి అని బోర్డు మీద చేసి చూపిస్తారు. ఆ రోజు ఈ పిల్లవాడు ఎక్కడున్నాడు? టోర్నమెంట్‌లో ఉన్నాడు. నాలుగు రోజుల తర్వాత వస్తాడు, నోటీసు బోర్డు మీద అంకె చూసుకుంటాడు, పోతాడు. ఎర్ర పెన్నుతో మీరు పక్కన రాసిన మాటలన్నీ బీరువాలోనే ఉండిపోతాయి. ఆ మాటలే అతనికి స్టాప్‌వాచ్. అది అతని చేతికి రాలేదు. అద్దం లేని గదిలో తల దువ్వుకున్నట్టు, చేత్తో తడుముకుని బానే ఉందనుకోవాల్సిందే.

ఇలా తడుముకునేది ఆటగాళ్ళే కాదు లెండి. 1999లో జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగాలు మీలో చాలామంది వినే ఉంటారు. పరీక్షల్లో అట్టడుగున ఉన్న నాలుగో వంతు వాళ్ళు సగటున నూటికి 12 మంది కంటే మాత్రమే మెరుగ్గా ఉన్నారు. మీరెక్కడున్నారనుకుంటున్నారు అని అడిగితే 62 మంది కంటే మెరుగు అన్నారు. వాళ్ళు ఆటగాళ్ళని కాదు, మామూలు విద్యార్థులే. తర్వాత 2005లో కుంసెల్, మరో ఇద్దరు కలిసి పాత అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి చూశారు. విద్యార్థులు తమ మార్కులు ఎంతని చెప్తారో, రికార్డులో ఎంత ఉన్నాయో పోల్చారు. బాగా చదివేవాళ్ళు చెప్పింది రికార్డుకి దగ్గరగా ఉంది. వెనకబడ్డవాళ్ళు చెప్పిన దానిమీద అంత నమ్మకం పెట్టుకోలేం. కాబట్టి ఒక ఫారం ఇచ్చి "నీ చదువు ఎలా ఉంది, ఒకటి నుంచి అయిదులోపు మార్కు వేసుకో" అని పిల్లలతో నింపించి, దాని మీద రిపోర్టులు రాసే అలవాటు ఉన్నవాళ్ళు కాస్త ఆలోచించుకోవాలి. ఆ ఫారం చెప్పేది చదువు గురించి కాదు, పిల్లవాడి గురించి. అది కూడా పనికొచ్చేదే. కాకపోతే అది వేరే సమాచారం.

ఇప్పుడు జట్టు దగ్గరికి వద్దాం. అసలు కథ అక్కడుంది.

పీటర్ ఆడ్లర్, పాట్రీషియా ఆడ్లర్ అని భార్యాభర్తలు, ఇద్దరూ సామాజిక శాస్త్రవేత్తలు. 1980ల మొదట్లో ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుతో నాలుగేళ్ళు కలిసి తిరిగారు. ప్రశ్నపత్రాలు పంచి వెళ్ళిపోవడం కాదు, జట్టులో మనుషుల్లా కలిసిపోయారు. 1985లో ఆ సంగతులు ప్రచురించారు. ఏం కనిపించింది వాళ్ళకి? కుర్రాళ్ళు కాలేజీలో చేరేటప్పుడు చదువు మీద ఆశతోనే చేరారు. డిగ్రీ తెచ్చుకుంటాం, బాగా చదువుతాం అనే వచ్చారు. అది నటన కాదు, నిజంగానే. తర్వాత ఒక్కో సెమిస్టర్ గడిచేకొద్దీ ఆ ఆశ సన్నగిల్లింది. ప్రాక్టీసు అలసట ఒకటి. ఆటగాళ్ళందరూ ఒకేచోట ఉండటం, మిగతా విద్యార్థులతో కలవకపోవడం ఒకటి. క్లాసులో వాళ్ళని విద్యార్థులుగా చూడకపోవడం ఇంకొకటి. చివరికి చాలామంది చదువు నుంచి తప్పుకున్నారు. కాలేజీ మానేయలేదు, మనసు తప్పించుకున్నారు. ఇది ఎందుకు ముఖ్యమంటే, "వీళ్ళకి మొదట్నుంచీ చదువు మీద ఆసక్తి లేదు" అని మనం తేలిగ్గా అనేస్తాం. మొదట్నుంచీ ఉంది. మన దగ్గరికొచ్చాక పోయింది.

ఇక్కడితో ఆపితే కథ సగమే అవుతుంది. 1990లో బార్బరా మేయర్ అనే పరిశోధకురాలు అమ్మాయిల జట్లలో ఇదే సంగతి అడిగి చూశారు. వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిలు. వాళ్ళూ ఆశతోనే చేరారు. కానీ వాళ్ళ ఆశ తగ్గలేదు, కాలేజీలో ఉన్నకొద్దీ పెరిగింది! అక్కడా ప్రాక్టీసు ఉంది, ప్రయాణాలున్నాయి, అలసట ఉంది. మరి తేడా ఎక్కడ? జట్టులో చదువు గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. బాగా చదివితే జట్టులో పరువు తగ్గేది కాదు. అమ్మాయిలు సహజంగానే బుద్ధిమంతులు అని మాత్రం దయచేసి అనకండి. పుట్టుకతో వచ్చిన బుద్ధి అయితే కాలేజీలో ఉన్నకొద్దీ పెరగడం ఏమిటి? అక్కడ వినబడే మాటల్ని బట్టి పెరిగింది.

మూడోది వినండి, నాకు బాగా ఇష్టమైనది. 2014లో లెవీన్, ఎచిసన్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు ఒక చిన్న ప్రశ్న వేశారు. ఆటగాళ్ళని విడివిడిగా అడిగారు: నీకు చదువు ఎంత ముఖ్యం? తర్వాత, నీ జట్టులో మిగతావాళ్ళకు ఎంత ముఖ్యం అనుకుంటున్నావు? జవాబులు పక్కపక్కన పెట్టి చూస్తే, సగటున ఆటగాళ్ళు తమకు ముఖ్యమనే అన్నారు, మిగతావాళ్ళకు అంత ముఖ్యం కాదనీ అన్నారు. జట్టులో చాలామందికి చదువు కావాలి. ఆ సంగతి ఒకరిది ఒకరికి తెలియదు.

నమ్మకం కుదరకపోతే మ్యాచ్ అయ్యాక రాత్రి బస్సులో ఒకసారి వెనక సీట్ల దాకా నడిచి చూడండి. నేను చూశాను. లైట్లు ఆర్పేశారు. ముందు వరుసల్లో పాటలు, అల్లరి. కిటికీ పక్కన ఒకడు జాకెట్ తలమీద కప్పుకున్నాడు, నిద్రపోతున్నాడనుకుంటారు. జాకెట్ లోపల ఫోన్ వెలుతురు, అందులో కెమిస్ట్రీ నోట్స్ ఫొటోలు. పక్కవాడు కదిలితే టక్కున స్క్రీన్ ఆపేస్తాడు. రెండు వరుసల వెనక ఇంకొకడు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పాటలు వింటున్నాడని అందరూ అనుకుంటున్నారు. వింటున్నది రికార్డు చేసుకున్న పాఠం. మర్నాడు పొద్దున ఇద్దరికీ ఒకే పరీక్ష. ఒకడి సంగతి ఇంకొకడికి తెలీదు. పొద్దున కలిసినప్పుడు "ఏరా, చదివావా?" అంటే "ఎక్కడ చదివాన్రా, పడుకున్నా" అని ఇద్దరూ అబద్ధమే ఆడతారు. ఈ అబద్ధం విన్న మూడోవాడు, నిజంగానే చదవనివాడు, ఏమనుకుంటాడు? అందరూ నాలాగే ఉన్నారు, నేను బానే ఉన్నాను అనుకుంటాడు. అతని అంచనా ఎలా తయారైందో చూశారా? ఇద్దరు ఆడిన అబద్ధం మీద తయారైంది.

ఇక టీచర్లు. కోచ్‌లను తిట్టాను కాబట్టి ఇప్పుడు మీ వంతు.

2007లో హెర్బర్ట్ సైమన్స్, ఆయన తోటివాళ్ళు 538 మంది కాలేజీ క్రీడాకారుల్ని అడిగారు, మిమ్మల్ని ఎలా చూస్తున్నారని మీకనిపిస్తోంది అని. ప్రొఫెసర్లు చులకనగా చూస్తున్నారని 33 శాతం అన్నారు. తోటి విద్యార్థులు చులకనగా చూస్తున్నారని 59 శాతం అన్నారు. క్లాసులో టీచరు ఆటగాళ్ళ గురించి ఏదో ఒక చెడ్డ మాట అన్నారని 62 శాతం చెప్పారు. మీరంటారు, నేను ఎప్పుడూ అలా అనలేదండీ అని. అనక్కర్లేదు. "ఓ, నువ్వు టీమ్‌లో ఉన్నావా? సరే సరే, ఎలాగోలా పాసయ్యేలా చూద్దాంలే" అన్నారా ఎప్పుడైనా? ప్రేమగానే అని ఉంటారు. కానీ ఆ మాటలో మీరు అతనికి ఒక మార్కు వేసేశారు. ఇంకా పరీక్ష కూడా రాయలేదు పాపం.

దీనివల్ల నిజంగా నష్టం జరుగుతుందా, లేక పిల్లలు కాస్త బాధపడి ఊరుకుంటారా? ఇక్కడ ఒక ప్రయోగం చెప్పాలి. అంతకుముందే, 1995లో, క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ ఒక సంగతి చూపించారు. మనవాళ్ళు చదువులో వెనకబడతారు అనే ముద్ర ఉన్నవాళ్ళకు పరీక్ష ముందు ఆ ముద్ర గుర్తుకొచ్చేలా చేస్తే మార్కులు తగ్గుతాయని. వాళ్ళు చూసింది నల్లజాతి విద్యార్థుల్ని. దాన్నే 2005లో యోపిక్, ప్రెంటిస్ అని ఇద్దరు అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఆటగాళ్ళ మీద చేసి చూశారు. ప్రిన్స్‌టన్‌లో సీటు తెచ్చుకున్న పిల్లలంటే మాటలు కాదు, గుర్తుంచుకోండి. కఠినమైన లెక్కల పరీక్ష పెట్టారు. పరీక్షకు ముందు కొందరికి నువ్వు ఆటగాడివి అని గుర్తుకొచ్చేలా చేశారు. కొందరికి నువ్వు విద్యార్థివి అని గుర్తుకొచ్చేలా చేశారు. అంతే తేడా. ఆటగాడినని గుర్తొచ్చినవాళ్ళకు మార్కులు తక్కువ వచ్చాయి. తమ మీద తమకున్న గౌరవం కూడా తగ్గింది. 2014లో థామస్ డీ అనే ఆర్థికవేత్త ఇంకో కాలేజీలో ఇలాంటిదే చేశారు, అక్కడా ఆటగాళ్ళ మార్కులు తగ్గాయి.

ఇది వినగానే ఒకాయన నాతో అన్నారు, "అయితే క్లాసులో ఆట ప్రస్తావనే తేకూడదన్నమాట" అని. అది కాదండీ. ఆట గుర్తుకొస్తే మార్కులు తగ్గడానికి ఆట కారణం కాదు. ఆట అనగానే మొద్దు అనే మాట వెంటనే తగిలేలా మనం పెట్టుకున్నాం, అది కారణం. అదే పిల్లవాడితో ఫిజిక్స్ టీచరు, "నువ్వు బంతిని తిప్పి కొడతావు కదా, అది గాల్లో ఎందుకు వంగుతుందో బోర్డు దగ్గరికొచ్చి చెప్పు" అంటే ఏమవుతుంది? ఆటే గుర్తొచ్చింది. కానీ ఈసారి తెలిసినవాడిగా గుర్తొచ్చింది.

ఇంకో అలవాటు ఉంది మనకు. గొప్పవాళ్ళ పేర్లు చెప్పడం. మైలు దూరాన్ని 4 నిమిషాల లోపు మొట్టమొదట పరుగెత్తిన రోజర్ బానిస్టర్, 1954 మే 6న 3 నిమిషాల 59.4 సెకన్లు, అప్పుడాయన మెడిసిన్ చదువుతున్నాడు, తర్వాత నరాల డాక్టరు అయ్యాడు. భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్ తమ్ముడు హెరాల్డ్ బోర్, 1908 ఒలింపిక్స్‌లో డెన్మార్క్‌కు ఫుట్‌బాల్ ఆడి వెండి పతకం తెచ్చుకున్నాడు, రెండేళ్ళకు గణితంలో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. నిజమే, అద్భుతమే. నాకూ ఇష్టమే ఈ కథలు. కానీ 58 మార్కులొచ్చిన పిల్లవాడికి బానిస్టర్ కథ చెప్తే ఏమనుకుంటాడు? వాళ్ళు వేరే మనుషులు అనుకుంటాడు. రెండూ చేసినవాళ్ళు అసాధారణులు, నేను మామూలువాణ్ణి కాబట్టి ఒకటి వదిలెయ్యాలి అనుకుంటాడు. ఏది వదులుతాడో మీకు తెలుసు. అతనికి బానిస్టర్ కంటే పోయిన ఏడాది ఇదే జట్టులో ఆడి, ఇదే లెక్కల సబ్జెక్టులో 72 తెచ్చుకున్న సీనియర్ ఎక్కువ పనికొస్తాడు. అలాంటి సీనియర్ ఉన్నాడని అతనికి ఎవరూ చెప్పరు. సీనియర్ కూడా చెప్పుకోడు. ఎందుకు చెప్పుకోడో బస్సులో చూశాం.

గాయాల గురించి ఒక్క మాట. బ్రూవర్, వాన్ రాల్ట్, లిండర్ అని ముగ్గురు 1993లో ఒక కొలమానం తయారుచేశారు. ఒక మనిషి తనని తాను ఎంతవరకు ఆటగాడిగానే చూసుకుంటున్నాడు అని కొలిచేది. ఆ లెక్క మరీ ఎక్కువున్నవాళ్ళు, అంటే ఆట తప్ప తమలో ఇంకేమీ కనిపించనివాళ్ళు, మోకాలు దెబ్బతిని కొన్ని నెలలు కూర్చోవలసి వస్తే బాగా కుంగిపోతారు. మనమేమో ఆ సమయంలోనే "ఇప్పుడైనా చదువుకోరా, ఖాళీయే కదా" అంటాం. ఖాళీ కాదండీ, అతను అప్పుడు తనెవరో వెతుక్కుంటున్నాడు. అప్పుడు చదువు గురించి అతను చెప్పే అంచనా ఏదైనా, కొన్నాళ్ళు నమ్మకండి. "నాకు చదువు రాదు" అంటాడు. ఆ మాట మోకాలు అంటోంది.

సరే, ఏం చెయ్యాలి అని అడుగుతారు. ఎప్పుడూ అడుగుతారు, అడగాలి కూడా. నేను చేసేవి చెప్తాను, మీకు నచ్చితే చేయండి.

మొదటిది చీటీలు. పరీక్ష ముందురోజు ప్రతివాడూ తనకు ఎన్ని మార్కులు వస్తాయనుకుంటున్నాడో ఒక చీటీ మీద రాసి మడిచి ఇవ్వాలి. పరీక్ష రాసి బయటికి రాగానే ఇంకో చీటీ. ఎవరికీ చూపించను. మార్కులొచ్చాక ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి రెండు చీటీలూ, అసలు మార్కూ పక్కపక్కన పెడతాను. ఏమీ అనను. వాళ్ళే చూస్తారు. మొదట్లో పెద్ద పెద్ద తేడాలే ఉంటాయి. కొందరు ఎక్కువ రాసుకుంటారు, కొందరు తక్కువ. తర్వాత తర్వాత దగ్గరపడతాయి. మార్కులు పెరగకముందే అంచనా సరిపడటం మొదలవుతుంది, అది నాకు చాలా నచ్చుతుంది. ఒక హాకీ అమ్మాయి ఉండేది. ప్రతిసారీ తనకొచ్చే దానికంటే బాగా తక్కువ రాసేది. "ఎందుకమ్మా ఇంత తక్కువ రాస్తావు?" అంటే, "నేను ప్లేయర్ని కదా సార్" అంది. బాధగా కూడా అనలేదు. నా పేరు ఫలానా అన్నట్టు అంది. ఆ మార్కు ఆ అమ్మాయి తనకు వేసుకున్నది కాదు, ఎవరో వేసి చేతికిచ్చారు.

రెండోది, ఇందాక చెప్పిన లెవీన్, ఆయన తోటివాళ్ళ ప్రశ్నే. జట్టుని కూర్చోబెట్టి, పేర్లు రాయకుండా రెండు అంకెలు రాయమనండి. చదువు నాకు ఎంత ముఖ్యం, పదికి ఇంత. నా జట్టుకు ఎంత ముఖ్యమనుకుంటున్నాను, పదికి ఇంత. రెండు సగటులూ బోర్డు మీద రాయండి. ఉపన్యాసం వద్దు. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు, చాలు. అలా చూసుకున్నాక జాకెట్ తీసేసి చదివేవాళ్ళు ఒకరిద్దరు తేలతారు.

మూడోది మీ ఇద్దరి పని. టీచర్లు ఒకవైపు, కోచ్‌లు ఒకవైపు కూర్చున్నారు, నేను కూర్చోమనలేదు, మీరే కూర్చున్నారు. దిద్దిన పేపర్ల సంగతి చెప్పాను కదా. టోర్నమెంట్‌కు వెళ్ళిన పిల్లవాడి పేపరు విడిగా తీసిపెట్టండి. వచ్చాక పది నిమిషాలు కూర్చోబెట్టి చూపించండి. కోచ్‌గారు ఆ పది నిమిషాలు ప్రాక్టీసులోంచి ఇవ్వాలి. ఇచ్చి, "పాసయ్యావా" అని కాకుండా "ఏ ప్రశ్నలో పోయాయి" అని అడగాలి. మీకు కెమిస్ట్రీ రానక్కర్లేదు. అడిగితే చాలు.

ఇప్పుడు ప్రశ్నలేమైనా ఉంటే... చెప్పండమ్మా. వెనకున్నవాళ్ళకు వినపడాలి, నేను మళ్ళీ చెప్తాను. తల్లిగా అడుగుతున్నారు: "మా అబ్బాయి తన మార్కుల గురించి కాస్త ఎక్కువే చెప్పుకుంటాడు. అది ఆత్మవిశ్వాసం కదా, ఆటకి కూడా అదే కావాలి కదా, దాన్ని ఎందుకు తగ్గించాలి?"

మంచి ప్రశ్న అడిగారు. ఆల్బర్ట్ బందూరా అని పెద్ద మనస్తత్వ శాస్త్రవేత్త, 1977 నుంచీ దీని మీదే పనిచేశారు. నేను ఈ పని చెయ్యగలను అనే నమ్మకం ఉంటే మనిషి ఎక్కువసేపు ప్రయత్నిస్తాడు, ఓడినా మళ్ళీ మొదలెడతాడు. ఆ నమ్మకం కాస్త ఎక్కువున్నా మంచిదే అన్నారాయన. అయితే ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుందంటే, అన్నిటికంటే గట్టిగా, తాను నిజంగా చేసి చూసిన పనుల్లోంచి వస్తుందనీ ఆయనే అన్నారు. కాబట్టి రెండు మాటల్ని విడదీసి వినండమ్మా. రేపు చేస్తాను అనేది ఒకటి, నిన్న చేసేశాను అనేది ఒకటి. వచ్చే పరీక్షలో 75 తెచ్చుకుంటానని మీ అబ్బాయి అంటే అడ్డు చెప్పకండి, అననివ్వండి. పోయిన పరీక్షలో 60 దాకా వచ్చాయమ్మా అంటే మాత్రం, ఆ పేపరు ఒకసారి తెచ్చి చూపించరా నాన్నా, ఇద్దరం చూద్దాం అనండి.